బాడుగ లెక్క: ఆత్మకూరు నుండి చూచిన సరుకుల రవాణా

మాఘ ఫాల్గుణ మాసములలో నంద్యాల జిల్లా ఆత్మకూరు చుట్టుప్రక్కల గ్రామములకు పోయినచో మిరప కళ్ళములు ఎఱ్ఱగా కనుల పండువై యుండును. ఎండిన కాయలను గోతములలో త్రొక్కి నింపి, నోరు కుట్టి, కాటా వేసి, హమాలీలు లారీల కెక్కించుచుందురు. ఆ గోతములలో అనేకము నల్లమల అడవిని దాటి గుంటూరు మార్కెట్టు యార్డునకు పోవును. అక్కడ ఆ గోతమునకు టిక్కి అని పేరు. టిక్కికి పలికిన ధరలో కమీషను, కూలి, బాడుగ పోగా మిగిలినదే రైతు చేతికి వచ్చును. ధర ఏమి పలికినదని ఊరంతయు అడుగును. కాని బాడుగ ఎట్లు ఏర్పడినదని అడుగువారు అరుదు.

బాడుగను లారీ యజమాని ఒక్కడే నిర్ణయించుట లేదు. లారీ ఇరుసు మీద ఎంత బరువుండవచ్చును, రైలు ఎంత సరుకును ఒక్కసారిగా అడుగును, దారిలో తనిఖీ కొరకు బండి ఎంతసేపు నిలువవలెను, నదికి వంతెన ఎక్కడ కట్టవలెను, అడవిలో రాత్రివేళ బండ్లు తిరుగవచ్చునా అను ప్రశ్నలకు ప్రభుత్వములు చెప్పిన సమాధానములన్నియు ఆ బాడుగలో ఇమిడి యున్నవి. కావున జాతీయ రవాణా ప్రణాళిక యనునది ఆత్మకూరు రైతునకు దూరపు విషయము కాదు. అది అతని గోతములోనే యున్నది.

2022 ఏప్రిల్‌కు పూర్వము కర్నూలు జిల్లాలో నుండిన ఈ ఆత్మకూరు నల్లమల పడమటి అంచున గల పట్టణము. పడమర నందికొట్కూరు మీదుగా కర్నూలునకు, దక్షిణమున వెలుగోడు మీదుగా నంద్యాలకు, తూర్పున బైర్లూటి మీదుగా అడవి గుండా దోర్నాలకు దారులున్నవి. ఉత్తరమున కృష్ణానది. ఈ పట్టణమునకు రైలు లేదు. సరుకును రైలు కెక్కింపవలెనన్నచో నంద్యాలకో కర్నూలునకో పోవలెను. నంద్యాల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరము. ఈ యాభై కిలోమీటర్లే మన వ్యాసమునకు ముఖ్యము.

బాడుగలోని మూడు పాళ్లు

ఏ సరుకునైనను ఒకచోటి నుండి మరియొక చోటికి చేర్చుటలో మూడు విధములైన ఖర్చులున్నవి. మొదటిది పరుగు ఖర్చు. ఇది దూరమును బట్టి పెరుగును. డీజిలు, టైర్లు, డ్రైవరు జీతము ఇందులో చేరును. రెండవది ఎత్తుడు దింపుడు ఖర్చు. బండి పది కిలోమీటర్లు పోయినను వేయి కిలోమీటర్లు పోయినను ఇది మారదు. మూడవది నిలుపుదల ఖర్చు. బండి నిలిచియున్నను దానిపై తెచ్చిన అప్పునకు వడ్డీ నిలువదు. లోపలి సరుకు చెడుటయు ఆగదు.

రైలునకు పరుగు ఖర్చు తక్కువ, ఎత్తుడు దింపుడు ఖర్చు ఎక్కువ. లారీకి ఇందుకు తలక్రిందులు. అది కళ్ళము వద్దనే సరుకు నెత్తుకొని యార్డు వాకిట దింపును. లెక్క కొరకు కొన్ని అంకెల ననుకొందము. లారీకి టన్నుకు కిలోమీటరునకు 4 రూపాయలు, రైలునకు 2 రూపాయలు. రైలు స్టేషనుకు చేర్చుట, మార్చి యెక్కించుట, అవతల మరల దింపి గోదామునకు చేర్చుట, ఇవన్నియు కలిసి టన్నుకు అదనముగా 800 రూపాయలు. అప్పుడు 400 కిలోమీటర్ల వద్ద రెండును సమానమగును. లారీకి 1,600, రైలునకు 800, మరియొక 800 కలిపి 1,600. అంతకు తక్కువ దూరమైనచో లారీయే చౌక. ఎక్కువైనచో రైలు చౌక.

ఇప్పుడు రైలు వేగమును గాని ఛార్జీని గాని ఏమియు మార్చక, ఆ 800 రూపాయలను మాత్రము 400కు తగ్గించితిమనుకొందము. సమాన దూరము 400 నుండి 200 కిలోమీటర్లకు దిగివచ్చును. ఆత్మకూరు నుండి గుంటూరునకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరమున్నది. అనగా నడిమి దారిని ముట్టుకొనకుండ, రెండు కొసలను మాత్రము బాగుచేసినను సరుకు రైలు వైపు మరలవచ్చును. ఈ చిన్న లెక్కను మనస్సులో నుంచుకొన్నచో నూటయేబది సంవత్సరముల చరిత్ర తేటగా అర్థమగును.

నీటి దారి

రైళ్లు, లారీలు లేని కాలమున ఈ ప్రాంతపు సరుకులను మోసినవి పెరికె యెద్దులు. లంబాడీలు ధాన్యము, ఉప్పు మొదలగువానిని పెరికెలలో నింపి, ఎద్దుల మందలను తోలుకొని దక్కను అంతటను తిరిగెడివారు. ఎద్దు వీపు మీద ఒకటి, ఒకటిన్నర క్వింటాళ్లకు మించి పోదు. కాలిదారి చాలును గాని, బరువు స్వల్పము, వేగమును స్వల్పము.

దీనికి బదులుగా నీటి దారి కావలెనని గట్టిగా వాదించినవాడు సర్ ఆర్థర్ కాటన్. ఆ వాదమునకు భౌతికశాస్త్రపు బలము కలదు. నిదానముగా పోవు పడవకు నీరు కలిగించు నిరోధము అత్యల్పము. బండిలో ఒకటి రెండు టన్నులకే అలసిపోవు గుర్రము కాలువ గట్టున నడచుచు ముప్పది టన్నుల పడవను లాగగలదు. అయితే పడవ వేగము రెట్టింపైనచో నిరోధము సుమారు నాలుగు రెట్లగును. కావున నీటి దారి తొందర లేని బరువులకు తగినది.

ఆ ఆశతోనే 1860ల దశకములో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కర్నూలు–కడప కాలువను త్రవ్వించినది. తుంగభద్ర మీద సుంకేశుల ఆనకట్ట వద్ద బయలుదేరి, సుమారు 190 మైళ్లు సాగి కడప చేరు ఈ కాలువను సేద్యమునకును పడవల రాకపోకలకును కలిపి ఉద్దేశించి, లాకులు కూడ కట్టిరి. కాని కంపెనీకి గిట్టుబాటు కాలేదు. నిర్మాణపు ఖర్చు అంచనాలను మించినది. నల్లరేగడి రైతులు వాన పైరులకు అలవాటు పడినవారగుటచే నీటిని వెంటనే కొనలేదు. చివరకు 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసినది. పడవలు క్రమముగా మాయమై, కాలువ కేవలము సేద్యపు కాలువగా మిగిలినది. నేడు కె.సి. కాలువ యనగా వరి పొలములే మనకు స్ఫురించును. అది ఒకప్పుడు సరుకుల దారిగా తలపెట్టబడినదని తెలిసినవారు కొలది మందియే.

పడవకు సంవత్సరము పొడవునను ఒకే లోతు నీరుండవలెను. పైరునకు కావలసినప్పుడు నీటిని తీసివేయవలెను. మెట్ట సీమలో ఈ రెండు కోరికలును ఒకే కాలువలో పొసగవు. నీరు చాలని చోట పడవ కంటె పైరే గెలుచును, గెలువవలసినదియు అదియే.

ధాత కరువు నేర్పిన పాఠము

ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో మొదలైన కరువు రాయలసీమను పీడించినది. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చినచో కర్నూలు జిల్లా జనసంఖ్య దాదాపు నాల్గవ వంతు తగ్గినట్లు తెలియును. అప్పటికే మద్రాసు నుండి కడప, గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరు వరకు రైలు నడచుచుండెను. 1871 నాటికే ఆ మార్గము పూర్తియైనది. సముద్రము మీదుగా వచ్చిన ధాన్యమును ఆ రైలు లోపలికి మోసుకొని వచ్చెను.

అయినను జనము ఆకలితో చచ్చిరి. కూలి లేక కొనుటకు డబ్బు లేకపోవుట, ధరలు మండిపోవుట, ప్రభుత్వ సహాయము చాలకపోవుట ప్రధాన కారణములు. వానితో పాటు మరియొక కారణము కూడ కలదు. రైలు స్టేషను నుండి పల్లెకు ధాన్యమును చేర్చవలసినవి ఎద్దుబండ్లు. గడ్డి లేక, నీరు లేక మనుష్యుల కంటె ముందుగా ఎద్దులు చచ్చినవి. బస్తాలు స్టేషన్లలో గుట్టలుగా పడియుండగా, యాభై అరవై కిలోమీటర్ల అవతల గింజ దొరకలేదు. వందల మైళ్ల దారిని ఆవిరియంత్రము జయించినది; చివరి కొద్ది మైళ్లను జయింపలేకపోయినది.

రవాణాలో ఏ గొలుసైనను దాని మిక్కిలి బలహీనమైన కొక్కెమును మించి బరువు మోయలేదు. ఆ కొక్కెము సామాన్యముగా కొసననే యుండును. 1880లో నివేదిక సమర్పించిన కరువు సంఘము కరువు సీమల లోపలికి రక్షణ రైలు మార్గములు వేయవలెనని చెప్పినది ఇందువలననే. గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా కృష్ణా తీరము వైపు సాగిన రైలు మార్గము ఆ కాలమున పుట్టినదే.

కొండ, రైలు, లారీ

ఈ మార్గము నల్లమలను నంది కనుమ వద్ద దాటును. గాజులపల్లె, చెలమ, దిగువమెట్టల మధ్య ఈ దాటుడు సులభము కాలేదు. 1880ల దశకములో దొరబావి వద్ద లోయకు అడ్డముగా ఎత్తైన వంతెన కట్టిరి. బొగద వద్ద సొరంగము తొలిచిరి. ఇంత శ్రమ ఎందులకు?

ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రము దొర్లుటలో నిరోధము చాల తక్కువ. సమతల మార్గమున ఒక టన్ను బరువును కదలించుచుండుటకు సుమారు రెండు కిలోల లాగుడు చాలును. మంచి తారు రోడ్డు మీద లారీకి అదే టన్నునకు ఎనిమిది కిలోల వరకు కావలెను. రైలు చౌకగా నుండుటకు రహస్యమిదియే. ఇక ఏటవాలు సంగతి చూడుము. నూరడుగులకు ఒక అడుగు ఎత్తు పెరుగుచున్నచో, టన్నునకు పది కిలోల లాగుడు అదనము. ఈ పది రైలుకైనను లారీకైనను ఒక్కటియే. కాని లారీకి ఎనిమిది పదునెనిమిదియై, రెట్టింపునకు కొంచెము మించును. రైలునకు రెండు పండ్రెండై, ఆరు రెట్లగును. అందువలన లారీ ఎక్కు కొండను రైలు చుట్టి పోవును, లేదా తొలిచి పోవును. 1990ల దశకములో ఈ మార్గమును బ్రాడ్ గేజిగా మార్చునపుడు పాత దొరబావి వంతెనను వదలి క్రొత్త దారి వేసిరి.

ఆత్మకూరు నుండి దోర్నాలకు అడవిలో లారీ పోవుటయు, రైలు మాత్రము దక్షిణమున నంది కనుమను వెదకుకొనుటయు ఈ లెక్క ప్రకారమే జరిగినది. నల్లమల అంచున నున్న ఊరికి సహజముగనే లారీ దగ్గర, రైలు దూరము.

స్వాతంత్ర్యానంతర విధానములు

1950–51లో దేశములో దూరము పోవు సరుకులలో నూటికి ఎనభైకి పైగా రైళ్లే మోసెడివి. నేడు వాని పాలు మూడింట ఒక వంతుకు లోబడియే యున్నది. లారీ అంతగా ఎట్లు గెలిచినది?

మొదట ప్రభుత్వము లారీని అదుపులో నుంచుటకే చూచినది. 1939 నాటి మోటారు వాహనముల చట్టము క్రింద పర్మిట్ల ద్వారా లారీల దారులను కట్టడి చేసిరి. రైలు ఆదాయమును కాపాడుట అందు ఒక ఉద్దేశము. 1975లో జాతీయ పర్మిట్ల పద్ధతి వచ్చినది. 1988 నాటి క్రొత్త చట్టము పర్మిట్లను మరింత సులభము చేసినది. మరియొక ప్రక్క రైలు శాఖ ప్రయాణికుల టిక్కెట్టును చౌకగా నుంచుటకై సరుకుల ఛార్జీని హెచ్చుగా నుంచినది. ప్రయాణికుల బండ్లు, గూడ్సు బండ్లు ఒకే పట్టాల మీద నడచుటచే గూడ్సు బండి దారి ఇచ్చి ఇచ్చి నిలిచిపోవుచుండెను. 1980ల దశకము నుండి రైలు శాఖ విడి వ్యాగన్ల కంటె పూర్తి రేక్‌లకే ప్రాధాన్యమిచ్చినది. రేక్ యనగా ఒక చోట నిండి మరియొక చోట ఖాళీయగు పూర్తి గూడ్సు బండి. మూత వ్యాగన్ల రేక్ ఒకటి సుమారు 2,600 టన్నులు మోయును. ఏబది కిలోల బియ్యపు బస్తాలైనచో అవి యాభై వేలకు పైబడును. బొగ్గు గనికి, సిమెంటు కర్మాగారమునకు ఇది అనుకూలమే. ఆత్మకూరు వంటి ఊరి వర్తకునకు మాత్రము రైలు తలుపు మూసికొన్నట్లైనది. అతని వద్దనున్నది ఒక లారీ సరుకు. రైలు అడుగునది రెండు వందల లారీల సరుకు.

ఈ కాలముననే దూరమును కాగితము మీద చెరిపివేసిన విధానమొకటి కలదు. 1956 నుండి ఉక్కు ధర దేశమంతటను సమానముగా నుండునట్లు రవాణా ఖర్చులను సగటు చేసి పంచిరి. సిమెంటునకును ఇట్టి ఏర్పాటుండెను. రాయలసీమలో కడ్డీ కొనువానికి, జంషెడ్‌పూరు ప్రక్కన కొనువానికి ధర ఒక్కటియే. వినుటకు న్యాయముగనే తోచును. కాని దూరము నిజముగా తగ్గలేదు. దాని ఖర్చు మరియొకరి మీద పడినదంతే. గనులున్న తూర్పు రాష్ట్రములు సహజమైన లాభమును కోల్పోయినవి. ప్రత్తికి ఇట్టి సమానత్వము లేకుండెను. సున్నపురాయి మెండుగా గల కర్నూలు, కడప మండలములలో సిమెంటును దగ్గరి ఊరికి పంపినను దూరపు ఊరికి పంపినను ఒక్కటియే యైనప్పుడు, దగ్గరి దారిని వెదకవలెనను బుద్ధి ఎవరికి పుట్టును? సిమెంటు విషయములో 1989లోను, ఉక్కు విషయములో 1990ల తొలి సంవత్సరములలోను ఈ పద్ధతి తొలగిపోయినది. దూరమును తగ్గింపవచ్చును గాని దాచిపెట్టరాదని ఈ అనుభవము తెలుపుచున్నది.

నిలుపుదల, ఇరుసు బరువు

పరుగు ఖర్చును గూర్చి చెప్పుకొంటిమి. నిలుపుదల విషయములో పెద్ద మార్పు 2017 జూలై 1న వచ్చినది. వస్తు సేవల పన్ను అమలుతో రాష్ట్ర సరిహద్దులలోని అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రములు ఎత్తివేయబడినవి. 2018 ఏప్రిల్ నుండి సరుకుతో పాటు ఈ-వే బిల్లు పోవుచున్నది. 2014 జూన్ 2 తరువాత కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కగానే మరియొక రాష్ట్రము వచ్చుచున్నందున, హైదరాబాదునకు పోవు ఆత్మకూరు సరుకునకు ఈ సంస్కరణ నేరుగా సంబంధించినదే. రోడ్డు వెడల్పు చేయకయే, ఇంజను మార్చకయే, కాగితము మార్చుట చేత బండి వేగము పెరుగునని ఇది నిరూపించినది.

2018లోనే మరియొక మార్పు జరిగినది. నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసు మీద అనుమతించు బరువును 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచిరి. ఒక్కొక్క నడకలో ఎక్కువ సరుకు పోవుటచే టన్నుకు బాడుగ తగ్గును. కాని దీనికి వెనుకవైపు కూడ చూడవలెను. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రములో రోడ్ల మీద లారీలను పదే పదే నడిపి ఒక పెద్ద పరీక్ష జరిపిరి. ఇరుసు బరువు పెరిగిన కొలదిని రోడ్డునకు కలుగు దెబ్బ సుమారు ఆ బరువు యొక్క నాల్గవ ఘాతము చొప్పున పెరుగునని అందు తేలినది. 10.2 నుండి 11.5 యనగా బరువు పెరిగినది నూటికి పదమూడు పాళ్లు. నాల్గవ ఘాతము వేసి చూచినచో రోడ్డునకు దెబ్బ పెరుగునది నూటికి అరవై పాళ్లకు పైమాటే. జాతీయ రహదారిని ఈ బరువునకు తగినట్లు కట్టవచ్చును. కాని లారీ బయలుదేరునది పల్లె రోడ్డు మీదనే. అనుమతి ఇచ్చునది ఒకరు, గుంతలు పూడ్చునది మరియొకరు. బాడుగలో తగ్గిన రూపాయి పల్లె రోడ్డు మరమ్మతులో తిరిగి కనబడును.

మిరప నేర్పిన క్రొత్త దారి

2020లో కరోనా వ్యాధి వలన రాకపోకలు స్తంభించినప్పుడు గుంటూరు ఎండుమిరప బంగ్లాదేశ్‌కు రోడ్డు మీద పోలేకపోయినది. గూడ్సు బండిలో పంపవలెనన్నచో ఒక్కసారికి 1,500 టన్నులకు పైగా సమకూర్చవలసి యుండెను. చిన్న రైతులకు, వర్తకులకు అది అలవి కాని పని. ఆ జూలై నెలలో రైలు శాఖ గుంటూరు వద్దనున్న రెడ్డిపాలెము నుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక పార్సిలు రైలును నడిపినది. పదునారు పార్సిలు వ్యాన్లలో 384 టన్నుల మిరప పోయినది. ఒక్కొక్క వ్యానులో 466 బస్తాలు. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలగు ఖర్చు ఈ రైలులో 4,608 రూపాయలే యైనదని రైలు శాఖ ప్రకటించినది. అదే సంవత్సరము సెప్టెంబరులో అనంతపురము నుండి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేరినది.

ఇక్కడ క్రొత్త పట్టాలు వేయలేదు, క్రొత్త ఇంజను కనిపెట్టలేదు. ఒక్కసారికి కావలసిన సరుకు మోతాదును తగ్గించిరి. అంతట చిన్నవానికి రైలు తలుపు తెరచుకొన్నది. చివరి యాభై కిలోమీటర్ల సమస్యకు ఇది ఒక ముఖ్యమైన పరిష్కారము.

నేటి జాతీయ ప్రణాళిక

2021 అక్టోబరు 13న ప్రారంభమైన గతిశక్తి ప్రణాళికలో రైలు, రోడ్డు, రేవు, విద్యుత్తు, అడవి మొదలగు వివిధ శాఖల వివరములను ఒకే పటము మీద ఒకదానిపై నొకటి పరచి చూచెదరు. రోడ్డు వేసిన పిమ్మట గొట్టము కొరకు దానిని త్రవ్వుట, రైలు గోదామునకు దారి లేకుండుట వంటివి ముందుగానే కనబడవలెనని ఉద్దేశము. 2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్సు విధానము వెలువడినది. జాతీయ రైలు ప్రణాళిక 2030 నాటికి సరుకుల రవాణాలో రైలు పాలును నూటికి 45కు పెంచవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది. లూధియానా నుండి సోన్‌నగర్ వరకు 1,337 కిలోమీటర్లు, దాద్రీ నుండి ముంబయి ప్రక్కనున్న నెహ్రూ రేవు వరకు 1,506 కిలోమీటర్లు గూడ్సు బండ్లకే ప్రత్యేకించిన మార్గములను చేపట్టిరి. తెలుగునాట విజయవాడను కలుపు ఇట్టి మార్గములు ప్రతిపాదనలలో నున్నవి.

సంస్కరణకు ముందు కొలత సరిగా నుండవలెను. మన దేశములో సరుకుల రవాణా, నిల్వ ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో నూటికి 13, 14 పాళ్లని చాల కాలము చెప్పుకొనిరి. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనా మండలి 2023లో వెల్లడించిన లెక్కలో 2021–22 సంవత్సరమునకు అది 7.8 నుండి 8.9 పాళ్లేనని తేలినది. వ్యాధి తీవ్రత మనమనుకొన్నంత లేదన్నమాట. కాని ఇది దేశపు సగటు. సగటు లోతు మోకాలి బంటి యున్న ఏటిలోను మనిషి మునుగు మడుగుండవచ్చును. కర్మాగారము వాకిటి నుండి రేవునకు పోవు సరుకును, కళ్ళము నుండి యార్డునకు పోవు సరుకును ఒకే సగటులో కలిపినచో ఆత్మకూరు కనబడదు.

వంతెన, అడవి

ఆత్మకూరునకు ఉత్తరమున కృష్ణకు అవతలి గట్టు తెలంగాణలోని కొల్లాపూరు ప్రాంతము. శ్రీశైలము జలాశయపు నీరు నడుమ నిలిచియుండుటచే పుట్టిమీదనో మరపడవ మీదనో దాటవలెను, లేదా కర్నూలు చుట్టి పోవలెను. 2007 జనవరిలో నెహ్రూనగర్ నుండి మంచాలకట్టకు పోవుచున్న పడవ మునిగి అరవై మందికి పైగా మరణించిరి. వంతెన లేని దూరమునకు ఒక్కొక్కప్పుడు బాడుగతో గాక ప్రాణములతో మూల్యము చెల్లింపవలసి వచ్చును. కల్వకుర్తి నుండి కొల్లాపూరు, ఆత్మకూరు ప్రాంతముల మీదుగా నంద్యాలకు పోవు 167కె జాతీయ రహదారిలో సోమశిల–సిద్దేశ్వరముల మధ్య తీగల వంతెన నిర్మాణమునకు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదము తెలిపినది. అంచనా సుమారు 1,082 కోట్ల రూపాయలు. దీని వలన హైదరాబాదు, తిరుపతి నగరముల మధ్య సుమారు 80 కిలోమీటర్లు తగ్గునని ప్రభుత్వము తెలిపినది. పక్కదారిలో నుండిన ఆత్మకూరు అప్పుడు నడిదారిలోనికి వచ్చును.

తూర్పు దారి సంగతి వేరు. దోర్నాల రోడ్డు నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము గుండా పోవును. రాత్రివేళ జంతువులు రోడ్డు దాటునప్పుడు బండ్ల క్రింద పడకుండుటకై అటవీ శాఖ రాత్రి రాకపోకలను కట్టడి చేసినది. ప్రొద్దు గడచి వచ్చిన లారీ తెల్లవారు వరకు ఆగవలెను. ఇది నిలుపుదల ఖర్చే. కాని తనిఖీ కేంద్రము వద్ద నిష్ప్రయోజనముగా నిలిచిన ఖర్చు వంటిది కాదు. దీనికి బదులుగా దేశము అడవిని, పులిని కాపాడుకొనుచున్నది. అట్లయినచో ఆ మూల్యమును అడవి అంచు రైతు ఒక్కడే ఎందులకు భరింపవలెను? ఆత్మకూరులో లారీలు నిలుచుటకు తగిన చోటు, కాటా, గోదాము, శీతల గిడ్డంగి ఉన్నచో అక్కడనే సరుకును కూడబెట్టి, పగటి పూట ఒక్కసారిగా పంపవచ్చును. రాత్రి నిలుపుదల వృథా కాక, సరుకు ప్రోగు చేయు సమయమగును.

ముగింపు

పరుగు ఖర్చును తగ్గించుట పెద్ద ప్రణాళికల పని. అది జరుగుచున్నది, జరుగవలెను. అయితే అందుకు కాలము పట్టును. నంద్యాల–ఎఱ్ఱగుంట్ల రైలు మార్గము 123 కిలోమీటర్లే. 1990ల దశకములో మంజూరై 2016లో పూర్తియైనది. ఆత్మకూరు వంటి ఊళ్లు అన్ని యేండ్లు ఎదురుచూడనక్కరలేదు. ఎత్తుడు దింపుడు, నిలుపుదల, మోతాదు అను మూడింటిని తగ్గించు పనులు స్వల్ప కాలములో, స్వల్ప ధనముతో చేయదగినవి. రైతులు సంఘముగా కూడి సరుకును ఒక చోట ప్రోగు చేయుట, నంద్యాల స్టేషనులో పార్సిలు వ్యాన్లకు తగిన ప్లాట్‌ఫారము, దానికి ఆనుకొని గోదాము, పల్లె రోడ్డును లారీ ఇరుసు బరువునకు తగినట్లు కట్టుట, ఇవి యట్టివి.

1876లో స్టేషనులో ధాన్యమున్నను పల్లెకు చేరలేదు. నేడు ఎద్దులకు బదులు లారీలున్నవి, ఆకలి చావుల భయము తొలగినది. కాని లెక్క మాత్రము మారలేదు. ఒక రవాణా ప్రణాళిక మంచిదా కాదా యని పరీక్షింపవలెనన్నచో దాని ముఖ్య మార్గము ఎన్ని వేల కిలోమీటర్లని అడిగిన చాలదు. ఆ మార్గము ముగిసిన చోటు నుండి రైతు కళ్ళము వరకు ఎంత ఖర్చగుచున్నదని కూడ అడుగవలెను. కళ్ళములో గోతము నోరు కుట్టుచున్న రైతునకు కావలసిన సమాధానము అదియే.